ముక్కలైన ఇంజను

హలో… హలో… ఆ, నేనేనండీ, బందరు నించి. డాక్టరు లలితాంబని.

బెజవాడ వర్క్‌షాపేనా? పిచ్చేశ్వరరావుగారేనా?… హమ్మయ్య. ఈ ట్రంకు కాల్ కోసం పొద్దున్నించీ మా ప్లీడరుగారి వసారాలో కూచున్నానండీ.

నా కారు సంగతే. మెకానిక్కుని ఎప్పుడు పంపిస్తున్నారు?…

మళ్ళీ 'వచ్చే వారం' అనకండి. ఉగాదికన్నారు, శ్రీరామనవమికన్నారు. ఇప్పుడు ఊడ్పులు కూడా అయిపోయాయి.

…మీ మనుషులూ మిలిటరీలోకే వెళ్ళారా? మా డ్రైవరు సామ్యేలూ అంతే కదండీ. ఇంజనంతా విప్పి, కడిగి, కొత్త రింగులు తెప్పించాడు. బిగించేలోపు పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు. మొన్న కార్డు రాశాడు. ఎక్కడున్నాడో రాయనివ్వరట.

ఏమిటీ?… బెజవాడ పంపించమంటారా? పంపిస్తే బిగించే మనిషున్నాడా?… లేడు. మరి ఆ ముక్కలు మీ దగ్గర పడుంటే ఏమిటి, నా దగ్గర పడుంటే ఏమిటి?

…పెట్రోలా? డాక్టరునని కూపన్లిచ్చారండీ. కూపన్లు చూపిస్తే కారు కదుల్తుందా?

…కోప్పడటం లేదు. సరే, కోప్పడుతున్నాను! పోయిన శుక్రవారం బంటుమిల్లి అవతల నించి కబురొచ్చింది. మంగమ్మని, తొలి కాన్పు. పొద్దున కబురొస్తే ఎడ్లబండి మీద నేను చేరేసరికి పొద్దు వాటారింది…

…తల్లి మాత్రం దక్కింది.

…ఆడపిల్లండీ. కారుంటే గంట దారి అది.

హలో?… ఉన్నారా?… వద్దు, ఓదార్చకండి. అందుకే నేనే బిగిద్దామా అనుకుంటున్నాను.

…నవ్వండి. కానివ్వండి.

…చీర కట్టుకుని కారు కిందకెందుకు దూరతానూ? ఇంజను బల్ల మీదుంది.

…తెలుసు. తేడాగా బిగిస్తే బేరింగు పట్టేస్తుంది. షాఫ్టు విరిగితే యుద్ధం అయ్యేదాకా ఇంకోటి దొరకదు. వారం రోజులుగా అదే ఆలోచన. మా చెల్లెలు శేషారత్నమూ అదే పాట, 'అసలుకే మోసం వస్తుందక్కయ్యా' అని. మోసం రావడానికి అసలేముందండీ? తిరగని ఇంజను విరిగితే మాత్రం పోయేదేమిటి?

…ఎవరూ? ఎక్స్ఛేంజా? మూడు నిమిషాలైపోయాయా? పొడిగించండి. పొడిగించండంటున్నానా!

పిచ్చేశ్వరరావుగారూ, మెకానిక్కునివ్వలేరు, కనీసం మాటసాయమన్నా ఇవ్వండి. సామ్యేలు ప్రతి ముక్కకీ గుడ్డపీలిక కట్టి అంకె వేశాడు. బేరింగు మూతల పీలికలు మాత్రం ఎలకలు కొట్టేశాయి. ఏ మూత దేనిదో తెలియట్లేదు.

…పక్కన పొడిచిన గుర్తులుంటాయా? పిస్టన్ కడ్డీ మీదా అవే గుర్తులు… రెండూ ఒకవైపుకే రావాలి… ఉండండి, రాసుకుంటున్నాను.

…ఆ, పళ్ళచక్రాలు చూశాను. చుక్కకి చుక్క ఎదురుగా. అది నేనే కనిపెట్టాను.

…నూనె రాయకుండా ఏదీ పెట్టకూడదు. ఊఁ. హెడ్డు నట్లు, అదే ఇంజను పైమూతవి? మధ్యలోంచి బయటికి… ఒక్కొక్కటీ కొంచెం కొంచెం. ఒకటే ఒక్కసారి బిగించేస్తే?… వంకరపోతుందా. సరే.

…ఏవండోయ్, ఇందాకా వద్దన్నది మీరేనా?

…చాలా సంతోషం. ఇంకొక్కటే. ఎంత బిగించాలి?… గట్టిగా అంటే ఎంత గట్టిగా? మీ బలానికా, నా బలానికా?… హలో?… హలో! హలో!

ఎక్స్ఛేంజ్! మధ్యలో కోసేశారేమండీ?… మిలిటరీ కాలా. మళ్ళీ లైనెప్పుడిస్తారు?… సాయంత్రం అయిదింటికా? అదీ నమ్మకం లేదూ?

…

అయితే అక్కర్లేదు. నా పేరు కొట్టెయ్యండి.

…కాదండీ, మీ మీద కోపం కాదు. సాయంత్రానికి నా రెండు చేతులకీ గ్రీజుంటుంది. ప్లీడరుగారి ఫోను ముట్టుకోనివ్వరు.