చెట్ల మీద అంకెలు

1984. ఫేక్టరీకి ఊరు అప్పగించి లేచొచ్చినవాళ్ళు కొండ కింద కట్టుకున్న కాలనీ. బడి వరండాలో లెక్కల మాస్టారు త్రినాథరావు కుర్చీ చూపించాడు. పదో తరగతి దేముడమ్మ తండ్రి అప్పలసూరి కూర్చోలేదు.

"కూకోడానికి రానేదు మేస్టారూ. మా గుంట ఇక బడికి రాదు. ఆ ముక్క సెప్పడానికొచ్చినాను."

"అదేంటండీ? పరీక్షలు దగ్గర పడ్డాయి. దేముడమ్మ లెక్కల్లో..."

"ఆ లెక్కలే వొద్దు. మా చెట్ల మీద అంకెలేయించింది మీరా, కాదా?"

"నేనేనండీ. అది పాఠం. సాంఖ్యకశాస్త్రమని..."

"ఏ శాస్తరం?"

"స్టాటిస్టిక్స్. పుస్తకంలో చూస్తే గోధుమ బస్తాల లెక్కలు. మన పిల్లలు గోధుమ చేను ఎప్పుడు చూశారు? వాళ్ళ చెట్లే లెక్కపెట్టమన్నాను. ఒకే చెట్టు రెండుసార్లు రాకుండా అంకె వెయ్యమన్నాను. అంతే."

"అంతే. పాత ఊర్లోనూ అంతే అన్నారు. టేపొట్టుకొచ్చిన బాబు మా యమ్మ సేతి మజ్జిగ తాగి, చెట్టుచెట్టుకీ అంకేసి, ఊరికే రాసుకుంటన్నాం అమ్మా, అంతే అన్నాడు. తరవాతేటయ్యిందో తెలుసా?"

"తెలుసండీ."

"ఏటి తెలుసు? మీది గోదారి. మీ చెట్లకెవుడైనా అంకేసినాడా?"

"లేదు."

"మరి మిమ్మల్నెవుడు రాయమన్నాడు? జీపులో వొచ్చినోడా?"

"ఎవరూ అడగలేదు."

"అడక్కపోతే కొలతలెందుకు? బోదె సుట్టూ దారం సుట్టింది మా గుంట. నా కళ్ళతో సూసినాను."

"అదే చెప్తున్నాను. చెట్టుకీ చెట్టుకీ మారేదాన్ని చలరాశి అంటాం. కొబ్బరా, జీడా అన్నది పేరు. పేర్లని కూడలేం. గెలలు లెక్కపెట్టొచ్చు. రెండుంటాయి, మూడుంటాయి, రెండున్నర ఉండవు. బోదె లావు లెక్కపెట్టలేం, కొలవాలి. రెండడుగులకీ మూడడుగులకీ మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఈ రకాలు పిల్లల చేతికి తగలాలని..."

"పాత ఊర్లో చెట్లు కొట్టేసిన రోజు మా యమ్మ ఏడిసింది. అది ఏ రకం?"

"అది... అందులోకి రాదండీ."

"అదీ. కొబ్బరికింత, జీడికింత అని డబ్బు రాసినారు. ఏడుపు మాత్రం ఎవుడూ రాసుకోడు."

"మీకు నమ్మకం లేకపోతే పిల్లలు రాసిన కాగితాలు మీ ఎదురుగానే చింపేస్తాను."

"సింపుతారా?"

"ఇవిగో."

"ఆగండాగండి. ఇది మా గుంట రాతే కదా? గుండ్రంగా రాసింది. ఒగ్గీండి, సింపకండి."

"మరి దేముడమ్మ?"

"వొస్తాది లెండి. రేపొస్తాది. ఏటనుకోకండి. పొద్దున్న నూతి కాడ చెట్ల మీద అంకెలు సూసినాను. గుంటనడిగితే, అవున్నాన్నా, బడోళ్ళం ఏసినాం అంది. ఇటు లగెత్తుకొచ్చినాను. ఆడోళ్ళు అప్పుడే మూటలు కడతన్నారు. ఇప్పుడెళ్ళి ఆ మూటలు ఇప్పించేస్తాను."

"నేనూ వస్తాను. పిల్లలచేత తుడిపించేద్దాం. తడిగుడ్డ పెడితే పోతాయి."

"ఎక్కడ పోతాయి? నాను కిరసనాయిలెట్టి రుద్దినాను. ఎర్ర రంగు బెరడులోకి దిగిపోనాది."

"ఎర్ర రంగా?"

"మరేటి?"

"నూతి దగ్గరా?"

"నూతి కాడినుంచి కొండ దాకా. ఏటి మేస్టారూ, అలా సూస్తన్నారు?"

"అప్పలసూరి గారూ... మా పిల్లలు రాసింది తెల్ల సుద్దతో. అదీ మీ వీధి చివరిదాకానే. నూతివైపు మేం వెళ్ళనే లేదు."

"అంటే ఆ టేపోళ్ళు మళ్ళీ వొచ్చినారన్నమాట."

"కూర్చోండి. ముందు కూర్చోండి."

"కూకోను. గుంటలందర్నీ కేకెయ్యండి మేస్టారూ. దారం అట్టుకొని నూతికాడికి రమ్మనండి. ఈసారి ఆళ్ళ లెక్క రాకముందే మా లెక్క మా కాడుండాలి."