రాజుగారి అనుబంధం

నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదండీ. గొప్పలు చెప్పుకోవడం నా ఒంటికి పడదు, మీ అందరికీ తెలిసిందే. పుస్తకాల షాపుకెళ్లాను, చరిత్ర పుస్తకం ఒకటి ఏరాను, ఇందాక భోజనాలకి ముందు మామగారి చేతిలో పెట్టాను. డెబ్భై నిండిన మనిషికి ఓ కానుక, అంతే. కాకపోతే ఎలా ఏరానో చెప్పకుండా ఊరుకుంటే ఆ పుస్తకానికే అన్యాయం చేసినవాణ్ణవుతాను. బావమరిదీ, ఆ కుర్చీ ఇలా వరండాలోకి లాక్కో. రేపు పెళ్లయితే నీకూ ఓ మామగారు వస్తారు, పనికొస్తుంది.

అసలు కష్టం ఏంటంటే, మామగారు చదవని పుస్తకం ఉండదు. సర్వేయరుగా ఉన్నన్నాళ్లూ పగలంతా గొలుసు పట్టుకుని పొలాలు కొలిచారు, ఇంటికొచ్చి చరిత్ర చదివారు, రిటైరయ్యాక ఇంక చదవడమే పని. ఆయన గదిలో అద్దాల బీరువా ఉందే, ఇదిగో, మా తోడల్లుడు, ఈ అన్నయ్య ఇచ్చిన పుస్తకాలన్నీ అందులో వరసగా నిలబడి నన్నే చూస్తుంటాయి. మరి నేనిచ్చినవో? పోయిన పుట్టినరోజుది, ఫ్రిజ్ స్టాండు కుంటుతోందని దాని కాలి కింద పెట్టారు. అంతకుముందుది...

– దాని మీద అమ్మ కుక్కరు దించుతోంది బావా.

చూశారా. ఈసారి మా ఆవిడ తెగేసి చెప్పింది, మీ పుస్తకం బీరువా ఎక్కకపోతే వచ్చే ఏడు మా నాన్న పుట్టినరోజుకి నేనొక్కదాన్నే వెళతాను అని. నవ్వుతూ అనలేదండీ, కళ్లలో నీళ్లు పెట్టుకుని అంది. నా మొగుడిచ్చింది ఫ్రిజ్ కింద పెడితే నాకెలా ఉంటుందో మీకు తెలుసా అంది. ఆ మాటకి నా ప్రాణం కలుక్కుమంది.

సరే, షాపులో అడుగుపెట్టాను. నాది టైల్సు వ్యాపారం. టైలు మంచిదో కాదో ఎలా చూస్తాం? వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాం. ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు. పుస్తకాల్నీ అలాగే తట్టుకుంటూ పోయాను. ఒకటి తట్టా, డొల్ల. ఇంకోటి తట్టా, అదీ డొల్లే. ఇదిగో, ఇది తట్టానో లేదో, ఖంగుమంది. కౌంటరు దగ్గర షాపాయన చేతిలో టీ గ్లాసు అలాగే గాల్లో ఆగిపోయింది. మా నాన్న నాటి నుంచీ షాపు నడుపుతున్నాం, పుస్తకం మోగడం ఇవాళే విన్నాను బాబూ అన్నాడు. నిలువునా నివ్వెరపోయాడు పాపం.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కనే ఒకావిడ, వాళ్ల తాతగారికి ఏం పుస్తకం ఇవ్వాలో తెలీక పొద్దుట్నుంచీ అరలన్నీ కలియదిరుగుతోంది. మీ తాతగారు ఏం చేసేవారమ్మా అన్నాను. ఓడలో వంటాయన అంది. మిరియాల వ్యాపారం మీద ఓ పుస్తకముంటే తట్టి చేతిలో పెట్టాను. ఆవిడ తెరిచి చూసిందా, లోపల వాళ్ల తాతగారి ఫొటో.

– ఎవరి ఫొటో?

వాళ్ల తాతగారిదేనయ్యా, గరిటె పట్టుకుని. ఆవిడ కళ్లు తేలేసింది. ఇంక వార్త పాకిపోయింది. పళ్ల డాక్టరుకి పంచదార చరిత్ర ఇచ్చాను, కొడుకుతో మాటల్లేని ఓ పెద్దాయనకి వంతెనల చరిత్ర ఇచ్చాను. క్యూ షాపు దాటింది, బస్టాపు దాటింది. బస్సు డ్రైవరు దారి మధ్యలో బండాపి దిగొచ్చాడు, మా అత్తగారికి రోడ్ల చరిత్ర కావాలన్నాడు. లోపలున్న జనం అరవాల్సింది పోయి, వాళ్లూ దిగి క్యూలో నిలబడ్డారు.

– క్యూ ఎందాకా వెళ్లింది తమ్ముడూ?

ఏం చెప్పమంటారు అన్నయ్యా, ఈ చివర ఎండ కాస్తుంటే ఆ చివర వాన పడుతోంది. అంతలో యూనివర్సిటీ నుంచి చరిత్ర ప్రొఫెసర్లు కార్లేసుకుని దిగారు. ఏదో పాత యుద్ధం, ఏ వారం జరిగిందో తేలక వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తున్నారట. వాళ్ల పుస్తకం తట్టాను. గురువారం అన్నాను. అందరూ కొయ్యబారిపోయారు, ఎందుకంటే అందులో మంగళవారం అని అచ్చయి ఉంది. అక్కడికక్కడే పెన్నులు తీసి దిద్దుకున్నారు.

– ఇంత హడావుడిలో నువ్వా పుస్తకం చదివిందెప్పుడు బావా?

భలేవాడివే, చదవకుండా మామగారికిస్తానా? నిలబడి ఈ అట్ట నుంచి ఆ అట్టదాకా చదివేశాను. యుద్ధాలు, పన్నులు, పొలాలు, అవన్నీ సరే. అసలు ప్రాణమంతా చివర్న ఉంది. అనుబంధం అని. రాజుగారికీ రాణిగారికీ ఉన్న అనుబంధం. ఎంత మనసున్న రచయితో చూడండి, గొడవలన్నీ అయ్యాక ఆఖర్న దాన్ని పెట్టాడు. పైకి చదవడం మొదలుపెట్టాను. రాణిగారు అన్నం మానేసి కోట గుమ్మంలో ఎదురుచూసే చోటికొచ్చేసరికి షాపాయన భోరుమన్నాడు. ప్రొఫెసర్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడ్చారు. క్యూ క్యూ అంతా ఏడ్చింది. నీళ్లు కింది అర దాకా వచ్చేశాయి. అక్కడ భూగోళం పుస్తకాలుంటే, వాటిలో సముద్రాలన్నీ నిండిపోయాయి. చివరికి ఫైరింజను తెప్పించారు.

– ఏం ఆర్పడానికి బావా?

నీళ్లు తోడడానికయ్యా. నవ్వకు. కావాలంటే మీ అక్కనడుగు, ఆ రోజు నా ప్యాంటు మోకాళ్లదాకా తడిసిందో లేదో.

– తడిసిందండీ. షాపుకెళ్లేముందు స్కూటరు కడిగారుగా.

సరేలేవే, నువ్వు వెళ్లి కాఫీలు తీసుకురా. అదిగో, మామగారు కళ్లజోడు పెట్టుకుని పుస్తకం చివరి పేజీలే తిప్పుతున్నారు. చదివే మనిషికి ఎక్కడికెళ్లాలో ఒకరు చెప్పాలా.

– అల్లుడుగారూ, ఈ సన్నక్షరాలు నా కళ్లకి ఆనడం లేదు. ఆ అనుబంధం కాస్త చదివి వినిపిస్తారా?

అంతకన్నానా మామగారూ, ఇలా ఇవ్వండి. అత్తయ్యగారూ, కొంగు దగ్గర పెట్టుకోండి. "అనుబంధం ఒకటి. పొలం కొలిచే కర్రల పొడవులు." ఆ... "తడి నేలకి వాడే కర్ర, ఇరవై జానలు. మెట్ట నేలకి వాడే కర్ర..."

– రాణిగారేరి బావా?

ఆగవోయ్, వస్తారు. పేజీ తిప్పనీ. "అనుబంధం రెండు. గింజలు కొలిచే పాత్రలు." ఇదేంటిది? "అనుబంధం మూడు. మూరలు, బారలు." మామగారూ, ఇందులో ఎక్కడో...

– ఎక్కడా లేదు అల్లుడుగారూ. పుస్తకంలో అనుబంధమంటే ప్రేమా ఆప్యాయతా కాదు. అసలు కథలో పట్టని లెక్కలూ పట్టికలూ వెనకాల కలిపి కుడతారు చూడండి, దాన్ని అలా అంటారు. మీరు విషయసూచిక ఒక్కటే చూసినట్టున్నారు.

ఏమేవ్, ఆ కాఫీ ట్రే పట్టుకుని గుమ్మంలో అలా కొయ్యబొమ్మలా నిలబడి చూడకు. అన్నయ్యా, మీరైనా ఏదో ఒకటి అనండి. మామగారూ, ఎక్కడికి లేస్తున్నారు, ఫ్రిజ్ దగ్గరికా? ఆ పుస్తకం ఇటిచ్చేయండి, రేపే వెళ్లి మార్చుకొస్తాను.

– మారిస్తే ఊరుకోను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ కర్రల పొడవుల కోసం వెతుకుతున్నాను. హద్దుల తగాదా వచ్చిన ప్రతివాడూ మా తాతల నాటి కొలత అనేవాడు, ఆ కొలత ఎంతో చెప్పిన పుస్తకం నాకింతవరకూ దొరకలేదు. అమ్మా, ఆ ట్రే అక్కడ పెట్టి బీరువా తాళంచెవి పట్రా. పెద్దల్లుడుగారూ, మీ పుస్తకాలు కాస్త పక్కకి జరుపుతాను, ఏమనుకోకండి.

ఇంత మాట నేను ఆశించలేదు మామగారూ. ఇది మాత్రం నిజంగా నిజం. విన్నావుటే, బీరువాలోకి. ఏడుస్తావెందుకు, వెళ్లి తాళంచెవి తీసుకురా. నేను చెప్పలేదూ, తట్టగానే ఖంగుమందని? లేకపోతే షాపు షాపంతా ఊరికే ఏడుస్తుందా?

– అదే నేనూ ఆలోచిస్తున్నాను అల్లుడుగారూ. జానలూ మూరలూ విని అంతమంది ఏడ్చారంటే, ఆ క్యూలో నిలబడ్డవాళ్లంతా మా సర్వే డిపార్టుమెంటువాళ్లే అయ్యుంటారు.