గోడ గీత దాటలేదు

(మైదానం పక్కన బంతులూ వలలూ దాచుకునే గది. మధ్యాహ్నం మూడున్నర. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉన్న నా కొడుకూ, ఆ జట్టుకి గోల్ కాసే నా మనవరాలూ, నేనూ. మా ఆయన గోడ మీద ఫొటోలో ఉన్నారు. ఇక అంతా మాటలే.)

“లేదమ్మా. గోల్‌కి పొడుగుపిల్ల పేరు రాసేశాను. నాలుగింటికల్లా లిస్టు రిఫరీ చేతిలో పెట్టాలి.”

“రాసేశావా, రాయబోతున్నావా? పెన్ను మూత ఇంకా నీ నోట్లోనే ఉంది.”

“రాసినట్టే.”

“రాసినట్టే అంటే రాయనట్టేరా. యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. మనసొప్పని పని చేసేటప్పుడే నువ్వు మూత కొరికేది.”

“నానమ్మా, నువ్వు బతిమాలకు. నాకేం వద్దు.”

“బతిమాలుతున్నది ఎవరే? బతిమాలడం నా ఇంటా వంటా లేదు. అడుగుతున్నాను. మొన్నటిదాకా గోల్ కాసిన పిల్లని రేపు ఫైనల్లో బెంచీ మీద ఎందుకు కూర్చోబెడుతున్నాడో చెప్పమంటున్నాను.”

“దాన్నే అడుగు. ఆదివారం లీగ్ మ్యాచ్‌లో ఏం చేసిందో చెప్పమను.”

“గోల్ వదిలి బయటికొచ్చాను.”

“ఎంత బయటికి?”

“కొంచెం.”

“కొంచెమా? ఇంకో పదడుగులు వేస్తే మైదానం మధ్యకొచ్చేది. గోల్‌పోస్టుని దిక్కులేనిదాన్ని చేసి, బంతిని కాలితో తన్నబోయి గాలిని తన్నింది. ఎదుటి పిల్ల నడుచుకుంటూ వెళ్ళి గోల్ కొట్టిందమ్మా. పరిగెత్తను కూడా లేదు. నడుచుకుంటూ.”

“ఈ ఏడాది తొమ్మిదిసార్లు బయటికొచ్చాను నాన్నా. ఎనిమిదిసార్లు బంతి నాదే. ఆ ఎనిమిదీ ఎవరూ చెప్పరు.”

“చెప్పరు. గోల్‌కీపర్ బతుకంతే. అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. రేపు గోల్ గీత దగ్గరే ఉంటానను. ఈ క్షణం నీ పేరు రాస్తాను.”

“అనను.”

“చూశావా అమ్మా?”

“చూశాను. అచ్చం నా నోరే.”

“నవ్వకమ్మా. ఇదిగో, నువ్వు మీ తాతని చూడు. ఊరు ఊరంతా గోడ అని పేరు పెట్టింది. పద్దెనిమిదేళ్ళు గోల్ కాశారు. గీత వదిలి రెండడుగులు ముందుకేసి ఎరగరు. ఆ కళ్ళు చూడు, ఎలా చికిలించారో. పులి చూపు అనేవాళ్ళు.”

“పులే. అవును, పులే పాపం.”

“పాపమేంటి?”

“ఏం లేదు. నువ్వు కానియ్యి.”

“కానిచ్చేదేముంది? ఆయనది పద్ధతి. గీత మీద నిలబడు, బంతి రానియ్యి, రెండు చేతులతో పట్టి పొట్టలోకి లాక్కో. అంతే ఆట.”

“ఆ కాలానికి అంతే ఆటరా. తోలు బంతి. వానకి తడిసిందంటే నానబెట్టిన బొంతంత బరువు. గ్లవ్స్ అంటే నేనల్లిన ఉన్ని తొడుగులు, అవీ చలికి వేసుకోవడమే, పట్టుకి కాదు. పొట్టలోకి లాక్కుని పడితే చొక్కా మీద బంతి కుట్లు అచ్చు పడేవి. ఉతికింది నేను, నాకు తెలీదా? ఇప్పుడు దీని గ్లవ్స్ చూడు, బల్లి కాళ్ళలాగా పట్టుకుంటాయి. అయినా ఇది పొట్టలోకి లాక్కోదు, పక్కకి నెట్టేస్తుంది. ఎందుకే?”

“ఇప్పటి బంతి గాల్లో ఊగుతుంది నానమ్మా. పట్టబోతే జారి మళ్ళీ వాళ్ళ కాళ్ళ దగ్గరే పడుతుంది. పక్కకి నెడితే పోతుంది పీడ.”

“మరి మొన్న ఒక మోకాలు నేలకేసి, చేతులు చాపి, దిష్టిబొమ్మలా నిలబడ్డావే?”

“దగ్గర్నుంచి కొడితే పట్టే టైముండదు. ఒళ్ళంతా అడ్డం పెట్టడమే. అలా కూర్చుంటే కాళ్ళ మధ్యనించి కూడా పోదు.”

“మోకాలికి తగిలి పోయింది బంతి. మీ తాత కాలంలో మోకాలితో ఆపితే నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఆగిందా లేదా?”

“అమ్మా, నువ్వు దీన్ని ఎగదొయ్యకు. అవి నేనూ ఒప్పుకుంటాను, నేనే నేర్పాను. నా గొడవంతా ఆ కాళ్ళతోనే. మన ఇంట్లో కాలితో ఆడినవాడు లేడు. మనది చేతుల వంశం.”

“చేతుల వంశం. నీకు గుర్తుందా, ఆ చేతులు ఏం చేశాయో?”

“ఆ మాటెత్తకు.”

“ఎత్తుతాను. దానికీ తెలియాలి. వినవే. మీ తాత కాలంలో మనవాళ్ళు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ హాయిగా చేత్తో ఎత్తుకునేవాడు. నేలకి కొట్టుకుంటూ, గడియారం చూసుకుంటూ, ఇష్టమొచ్చినప్పుడు తన్నేవాడు. మీ నాన్న కుర్రతనంలో రూలు మారింది. అలా ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టుకోకూడదన్నారు.”

“తెలుసు నానమ్మా. ఇప్పటికీ అదే రూలు.”

“వీడికీ తెలుసు. నెల్లాళ్ళు జపం చేసినట్టు చదివాడు. ఆట రోజున మనవాడొకడు బంతి వెనక్కి తన్నాడు. మీ నాన్న వంగి, రెండు చేతులతో బిడ్డనెత్తినట్టు ఎత్తుకున్నాడు. రిఫరీ ఈల వేశాడు. వీడు బంతి పట్టుకుని నా వంక చూశాడు, నేనేం చేశానమ్మా అన్నట్టు.”

“చాలమ్మా.”

“అక్కణ్ణుంచే ఫ్రీకిక్కు. గోల్. మర్నాడు నిన్నిలాంటి గదిలోనే నిలబెట్టి తీసేశారు. ఒక్క తప్పుకి. నువ్వు నిలబడ్డ చోట ఇవాళ నీ కూతురు నిలబడింది, నువ్వు వాళ్ళ కుర్చీలో కూర్చున్నావు.”

“నేను తప్పు చేశాను, తీసేశారు. ఇది తప్పు చేసింది, తీసేస్తున్నాను.”

“నాన్నా, ఒకటడగనా?”

“అడుగు.”

“నువ్వు చేత్తో ఎత్తుకుని ఓడిపోయావు. నేను కాలితో తన్ని ఓడిపోయాను. మరి దేంతో ఆడమంటావు?”

“చూడమ్మా, మాటకి మాట.”

“నీ దగ్గర జవాబుంటే అది మాటకి మాట అయ్యేది కాదు.”

“జవాబుంది. అదిగో, ఫొటోలో ఉంది. నాన్న ఆట చూసి జవాబు చెప్పొచ్చు ఎవరైనా.”

“మీ నాన్న కూడా ఒకరోజు అయిదు గోల్స్ తిన్నారు. అదీ చెప్పు పిల్లకి.”

“అది వేరు. ఆ రోజు నేను పుట్టాను. మనసంతా ఆసుపత్రిలో పెట్టుకుని ఆడారు. ఊరంతా చెప్పుకున్నారు, కొడుకు పుట్టిన సంతోషంలో గోడ కూలిందని.”

“ఊరికేం, ఊరు చెప్పుకుంటుంది.”

“అంటే?”

“అంటే ఏం లేదు. టైమెంతయింది?”

“ఇరవై నిమిషాలుంది. ఇంకోమాట అమ్మా, రేపు నువ్వొస్తే బుద్ధిగా కుర్చీలో కూర్చో. వల వెనక నిలబడి అరవకు. చిన్నప్పుడు నీతో తల ఎత్తుకోలేకపోయేవాణ్ణి.”

“నానమ్మ అరిచేదా? ఏమని?”

“ఏమని చెప్పను? నన్ను చంకనేసుకుని, వల వెనక నిలబడి, చుట్టాలందర్నీ పిలిచేది. మేనత్తా, మేనత్తా అని కాసేపు. చిన్నాన్నా అని కాసేపు. ఉన్నట్టుండి తాతా అని ఒక కేక. జనం విరగబడి నవ్వేవాళ్ళు, ఈవిడ చుట్టాలంతా మైదానంలోనే ఉన్నారని. సగం ఆట కాగానే గొడుగు పట్టుకుని ఈ చివర్నించి ఆ చివరికి పరుగు, మళ్ళీ నాన్న వెనక నిలబడ్డానికి.”

“మీ నాన్న నన్నెప్పుడైనా వద్దన్నారా?”

“ఆయనకి అవన్నీ పట్టేవి కాదు.”

“పట్టేవి.”

“సరే, పట్టేవి. ఇప్పుడు నన్ను రాయనిస్తావా?”

“రాయి. కానీ మీ నాన్న పేరు చెప్పి మాత్రం రాయకు. నాకు పొడుగుపిల్లంటే ఇష్టం అను, ఆదివారం ఓడిపోయినందుకు కోపం వచ్చింది అను, ఏమైనా అను. ఆయన గీత దాటలేదు కనక ఇది దాటకూడదని మాత్రం అనకు.”

“అంటాను. అదే నిజం. ఆయనది శాస్త్రం. కాదని చూపించు, నా చేత్తో నేనే దీని పేరు రాస్తాను.”

“మాటేనా?”

“మాటే.”

“మాట తప్పవుగా?”

“ఏంటమ్మా ఇవాళ? అంత గట్టిగా అడుగుతున్నావు?”

“నేనూ ఒక మాట తప్పబోతున్నానురా, అందుకు. ఎవరికీ చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఆయన పోయి పదకొండేళ్ళయింది, పెదవి కదపలేదు. ఇవాళ ఆ మనిషి పేరు అడ్డం పెట్టి ఈ పిల్లని కూర్చోబెడుతుంటే నేను నోరు మూసుకోను. పైకెళ్ళాక ఆయనతో నేనే తేల్చుకుంటాను.”

“నానమ్మా, వద్దులే. నేను బెంచీ మీదే కూర్చుంటాను.”

“నువ్వు నోర్ముయ్యి. ఏరా, మీ నాన్న ఏం పని చేసేవారు?”

“ప్రెస్సులో అక్షరాలు పేర్చేవారు. ఆ సంగతి నీకు తెలీదా?”

“సీసం అక్షరాలు, చీమంతవి. ఎలా పేర్చేవారు?”

“ముక్కు దగ్గర పెట్టుకుని.”

“ఇంట్లో పేపరు?”

“అదీ ముక్కు దగ్గరే. అలవాటు.”

“గుమ్మంలో నేను నిలబడితే, వచ్చింది మా ఆవిడేనా, పక్కింటావిడా అని అడిగేవారు.”

“హాస్యానికి.”

“హాస్యానికి కాదు.”

“అమ్మా.”

“హాస్యానికి కాదురా. ఇరవై అడుగుల లోపు డేగ. ఈగ వాలినా పట్టేవారు. ఆ అవతల అంతా పొగమంచు. ఎవడు కొడుతున్నాడో, ఎక్కణ్ణుంచి కొడుతున్నాడో తెలిసేది కాదు. ఆ చికిలింపు పులి చూపు కాదు. కనపడక.”

“తాత కళ్ళజోడు పెట్టుకోవచ్చుగా?”

“పెట్టుకున్న మర్నాడే జట్టులోంచి తీసేసేవాళ్ళే. ప్రెస్సులో ఉద్యోగం ఇచ్చిందే ఆయన ఆట చూసి. ఆట పోతే అదీ పోయేది. అందుకని నేను వల వెనక నిలబడ్డాను.”

“మేనత్త అంటే?”

“ఎడంపక్క నించి వస్తోందని. చిన్నాన్న, కుడిపక్క. తాత అంటే నెత్తి మీదుగా ఎత్తి కొట్టాడని. తిన్నగా ఎడమ, కుడి అని అరిస్తే ఎదుటివాళ్ళు వినరూ? చుట్టాలని పిలిస్తే నవ్వుకుని వదిలేస్తారు. పద్దెనిమిదేళ్ళు నవ్వారు. నవ్వనిచ్చాను.”

“నేను పుట్టిన రోజు…”

“నేను ఆసుపత్రిలో ఉన్నాను. వల వెనక ఎవరూ లేరు.”

“అయిదు గోల్స్.”

“అయిదు. రాత్రి నిన్ను ముక్కుకి ఆనించుకుని చూస్తూ, వీడొక్కడే ఇవాళ నా చేతికి తిన్నగా వచ్చాడు అన్నారు.”

“నానమ్మా, నాన్న పెన్ను మూత నోట్లోంచి తీశాడు.”

“నువ్వు మాట్లాడకు, నన్ను రాయనియ్యి. నీ నంబరెంత?”

“ఒకటి. నీకు తెలుసుగా.”

“తెలుసు. నీ నోటితో విందామని. ఒకటి. రాశాను. చాలా అమ్మా?”

“పొడుగుపిల్లకి నువ్వే వెళ్ళి చెప్పు. బెంచీ ఎక్కించే ముందు మొహం చూసి చెప్పాలి.”

“చెబుతాను.”

“నాన్నా, ముందే చెబుతున్నాను. నేను రేపు కూడా గీత దాటతాను.”

“దాటు. గాలిని మాత్రం తన్నకు. అమ్మా, ఒక్కటి నాకు అర్థం కాలేదు. దగ్గరికొస్తే బంతి కనపడేదంటున్నావు. అలాంటప్పుడు తనే బంతికి ఎదురెళ్ళాలి కదా? పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు గీత దాటలేదు?”

“నా గొంతు అంతవరకే వినపడేదిరా.”