సీనియారిటీ లిస్టులో పదకొండోవాడు

గనులు తెల్లదొరల చేతిలోంచి పోయి సర్కారువైపోయిన తరువాతి సంగతి. ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను, పగలు రెండున్నర. హెడ్ క్లర్కు శంకరనారాయణ టేబులు ముందు కుర్ర గుమాస్తా లక్ష్మీనరసింహ అరగంటగా నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీ ఉంది కానీ దాని మీద ఫైళ్ళు కూర్చున్నాయి.

“తొమ్మిది సంతకాలు తెచ్చినాను కదా సార్, ఇంగ ఆ ఒక్కటి వదిలేయకూడదా?”

“నీ పైనుండే పదిమందీ రాసియ్యాల. పదిలో తొమ్మిది పోతే ఎంతప్పా నరసింహా?”

“ఒకటి సార్.”

“ఆ ఒకటే లిస్టులో మొదుటి నంబరు. సుబ్బరాయ సారు. ఆయన ‘నేను పోను’ అని రాసిస్తే గాని నిన్ను పంపే ఆర్డరు టైపు కాదు.”

“నాలుగు గంటల రైలు తప్పితే నా కథ అయిపోయినట్టే సార్. రేపు పొద్దున ఏడింటికి బెంగళూరు గ్రౌండులో ఉండాల. ఇండియా క్రికెట్ టీముకు సెలెక్షను సార్! పిక్నిక్కు కాదు.”

“ఇండియా టీమయితే ఏమి? ఈ ఆఫీసూ ఇండియా సర్కారుదే. ఊరు దాటి డ్యూటీ మీద ఎవుర్ని పంపినా సీనియారిటీ ప్రకారమే అడగాల. మొదుట ఒకటో నంబరు, ఆయన పోనంటే రెండు, ఆయనా పోనంటే మూడు. మన ఆఫీసు టీము లిస్టులో నువ్వు పదకొండు.”

“బెంగళూరునుంచి సెలెక్టరు పంపిన ఆ జాబు నన్ను గురించి రాసింది సార్!”

“నీ పేరు యాడుండాది, చూపించు.”

“‘ముళబాగిల్లో ఏడు వికెట్లు తీసిన మీ ఆటగాడు’ అని ఉండాది కదా. ఇంగెవురు తీసినారు?”

“టీము తీసింది. స్కోరు పుస్తకంలో ఆఫీసు పేరే ఉండాది. అయినా ఆ ఏడు వికెట్లు ఎట్లొచ్చినాయో నాకు తెలీదా?”

“ఎట్లొచ్చినాయి సార్?”

“నీకంటే ముందు బాలు వెయ్యాల్సినోళ్ళంతా పెళ్ళి భోజనానికి పోయినారు. వంతు తప్పి బాలు నీకొచ్చింది. లేకుంటే నీదాకా వచ్చేసరికి పొద్దు మునిగేది.”

“అదే కదా సార్ నా ఏడుపు! రెండేండ్లుగా ఆడతా ఉండాను, బాలు నా చేతికొచ్చింది ఆ ఒక్క పొద్దే. ఆ పొద్దే ఆ సెలెక్టరు కారు పంచరై, రోడ్డు పక్కన నిలబడి చూసినాడు. ఇట్లాంటిది మల్ల జరిగేదా, మీరే చెప్పండి!”

“ఏమప్పా, మన పద్ధతినే తప్పంటావే! దొరల కాలంలో కెప్టెను దొర వేలు చూపించినోడే ఆడేది. ఎంత అన్యాయం! సర్కారొచ్చినాక చేరిన తారీకు ప్రకారం బ్యాటింగు, చేరిన తారీకు ప్రకారం బౌలింగు. ఒక్క తగాదా లేదు.”

“ఒక్క గెలుపూ లేదు కదా సార్.”

“గెలుపు మన సెక్షను కాదు.”

“సార్...”

“ఉండు. ఆ జాబులో పై పేరా చదువు. ఏమని రాసినారు?”

“‘జట్టులో అనుభవం ఉన్నవాళ్ళూ, కొత్తవాళ్ళూ సమంగా ఉండాలని మా ఉద్దేశం.’”

“మన టీము అట్లే ఉండాది కదా! పదిమంది అనుభవం, నువ్వొకడు కొత్త.”

“అది సమమా సార్?”

“పదిమంది పరుగూ నువ్వొకడే పరిగెత్తుతావు. సరిపోలేదా? సరే, ఆ తొమ్మిది కాగితాలూ చదువు. కారణాలు సరిగా ఉండాయో లేదో చూడాల.”

“ఆవులప్ప: ‘ఇంట్లో పట్టుపురుగులు గూళ్ళు కట్టే వారం. ఇండియాకు ఆడేదానికి వీలు కాదు.’”

“న్యాయమే. తరువాత?”

“నంజుండప్ప: ‘కంట్లో పొర వచ్చింది. బాలు రెండుగా కనిపిస్తాది.’”

“ఆయన వికెట్ కీపరు కదప్పా! ఇన్నాళ్ళూ చెప్పనేలేదే?”

“ఇన్నాళ్ళూ లేని బాలునే పట్టుకుంటా ఉన్నాడంట సార్.”

“రామరామా! ఊఁ, తరువాత?”

“హనుమంతప్ప: ‘ఫస్టు క్లాసు టికెట్టు ఇస్తే ఆలోచిస్తాను.’”

“అది పోనని చెప్పడం కాదు. చెల్లదు!”

“అయ్యో, కింద చూడండి సార్. దాన్ని కొట్టేయించి ‘పోను’ అని రాయించినాను. దానికే గంట పట్టింది.”

“దొడ్డమునియప్ప?”

“‘మా ఇంట్లో ఆమె పంపదు.’”

“అన్నిటికంటే గట్టి కారణం. సరే, ఇంత తిరిగినావు, సుబ్బరాయ సారునే మొదుట అడగాల్సింది కదా?”

“నోరు రాలేదు సార్. ఆరు నెలల్లో రిటైరయ్యే పెద్దమనిషి. మొన్న రెండు గంటలు నిలబడి సున్నా కొట్టినాడు. ఆయన దగ్గిర పోయి, మీరు ఇండియాకు ఆడేది లేదని రాసియ్యండి అంటే ఎగతాళి చేసినట్టుండదా?”

“అందుకే నేనే పిలిపించినాను. ఇదో, వస్తా ఉండాడు. నువ్వు నోరు మూసుకో.”

సుబ్బరాయ గుమ్మం దగ్గర ఆగి, మోకాలు ఒకసారి రుద్దుకుని లోపలికి వచ్చాడు.

“ఏమి శంకరనారాయణా, పిలిచినావంట?”

“రండి సుబ్బరాయ సారూ. చిన్న సంతకం. ఇండియా టీము సెలెక్షనుకు మన ఆఫీసునుంచి ఒకర్ని పంపమన్నారు. రూలు ప్రకారం మొదుట మిమ్మల్ని అడగాల.”

“నన్నా?”

“ఊరికే, ఫార్మాలిటీకి.”

“నన్ను అడగతా ఉండారా?”

“రూలు సార్, రూలు. ఏమనుకోవద్దు.”

“ఇంగొకసారి చెప్పప్పా. సరిగా చెప్పు.”

“ఇండియా టీము సెలెక్షనుకు మీరు పోతారా అని అడగతా ఉండాము.”

“ఊఁ.”

“సార్, నేను, నేను నరసింహను సార్. మీరు పోనని రాసిస్తే నాకొస్తాది. జన్మలో మర్చిపోను సార్.”

“నోరు మూసుకోమన్నానా లేదా!”

“ఉండనీ శంకరనారాయణా. ఏమప్పా, ముళబాగిల్లో ఏడు తీసింది నువ్వే కదా?”

“నేనే సార్! చూడండి సార్, ఈయనేమో టీము తీసిందంటాడు!”

“అబ్బా, ఆ నాలుగో వికెట్టు! యాడనో పడి యాడికో తిరిగింది. దొరల్లో కూడా అట్లాంటి బాలు చూసింది లేదప్పా నేను.”

“మీరు పెళ్ళి భోజనానికి పోలేదా సార్?”

“పోలేదు. మోకాలు నొప్పికి బాలు వెయ్యలేక గీత పక్కన కూర్చున్నాను. నువ్వు వేస్తా ఉంటే కాలు కదల్లేదు. నీ వయసులో నేనూ వేసేవాణ్ణి. క్లబ్బు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, పొద్దస్తమానం వేసేవాణ్ణి.”

“దొరల టీములో ఆడినారా సార్?”

“ఆడేదా! పన్నెండేండ్లు వాళ్ళ బాలు ఏరి ఇచ్చినాను. ‘బాయ్, అది తీసుకురా’ అనేవాళ్ళు. తెచ్చి ఇచ్చేది, గీత ఇవతలికి వచ్చి నిలబడేది. ఒక్కనాడు, ఒక్క దొరయినా, నువ్వొక బాలు వెయ్యరా అంటాడేమోనని చూసేది. ఎవురూ అనలేదు. సర్కారొచ్చింది, లిస్టు వేసినారు, నాకు ఒకటో నంబరు వచ్చింది. అప్పటికి మోకాళ్ళు పోయినాయి.”

“అయితే మీకు తెలుసు కదా సార్ నా బాధ.”

“తెలీకనా! కడుపు రగిలిపోతాది నాయనా. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఎవుర్ని తిట్టాలో కూడా తెలీదు.”

“అదే సార్! అట్లే ఉండాది సార్ నాకు!”

“ఇట్లా ఇయ్యి శంకరనారాయణా ఆ కాగితం. సంతకం యాడ పెట్టాల?”

“ఇదో సార్, కలం. రెండు గీతలుండాయి. పైది పోతామనేవాళ్ళకు, కిందిది పోమనేవాళ్ళకు.”

“తెలుసులే. ముప్పై నాలుగేండ్లు ఫారాలు నింపినోణ్ణి. ఇదో, పెట్టినాను. తీసుకో శంకరనారాయణా.”

“సార్, మీ కాళ్ళకు దండం పెడతాను. మీరు నాకు దేవుడు సార్!”

“లెయ్ లెయ్. మోకాలు పట్టుకోవద్దు, నొప్పి. రైలు నాలుగుకే కదా?”

“నాలుగుకే సార్. నేను పరిగెత్తిపోయి బట్టలు సర్దుకుంటాను.”

“నిదానం. బంగారపేటలో మారాలనా?”

“లేదు సార్, నేరుగా బెంగళూరు.”

“సుబ్బరాయ సారూ... ఇదేమి సార్? పై గీత మీద పెట్టినారే!”

“పైనే.”

“పొరపాటున పెట్టినారు. కొట్టేసి కింద పెట్టండి. పక్కన చిన్న సంతకం చేస్తే చాలు.”

“పొరపాటు లేదప్పా. ఆర్డరు టైపు చేయించు.”

“సార్! మోకాళ్ళు పోయినాయని ఇప్పుడే కదా చెప్పినారు!”

“పోయినాయి. రేపు మొదుటి బాలుకే అవుటయి వచ్చేస్తాను. అది నాకు తెలీదా?”

“మరి నా నోట్లో ఎందుకు సార్ మన్ను కొడతారు? శంకరనారాయణ సార్, మీరైనా చెప్పండి సార్!”

“నేనేమి చెప్పేదప్పా? ఒకటో నంబరు పోతానన్నాక కింది కాగితాలు నేను చూడను కూడా చూడకూడదు.”

“ఏడవద్దు నాయనా. నీకింగా వయసుండాది, మల్ల పిలుస్తారు. ఆడతావా అని నన్ను అడిగింది ఇదే మొదుటిసారి.”