నారింజ చీర మీద నీలం పువ్వులు

అదా? ఆ చిల్లున్న తెల్ల అట్టముక్కా? పారెయ్యకమ్మా వినీలా, మా ఆవిడది. శ్యామలాంబ అని. మీరీ వీధికి రాకముందే పోయింది. అప్పట్లో సామర్లకోటలో జాకెట్టు ముక్క మ్యాచింగ్ కావాలంటే మా కొట్టుకే వచ్చేవారు. నా మొహం చూసి కాదు, ఆవిడ చూపు మీద నమ్మకంతో. ఇలా ఫ్యాన్ కిందకి రా. ఏం చెబుతున్నాను? ఆఁ, అట్ట. తలుపులమ్మ గారని ఒకావిడ ఉండేది, పెద్ద నోరు. ఓ రోజు జాకెట్టు ముక్క తెచ్చి బల్ల మీద పడేసింది. "ఏంటండీ ఇది? నిన్న పచ్చగా ఉంది, ఇవాళ పసుపు కొడుతోంది! బట్ట తాను మార్చేశారా?" అని. మా ఆవిడ నవ్వి, తానుమీదొకసారి, ముక్కమీదొకసారి ఈ అట్ట పెట్టింది. "చిల్లులోంచి చూడండి వదినగారూ. నిన్న ఎర్ర చీర పక్కన చూశారు, ఇవాళ చిలకపచ్చ చీర పక్కన. ముక్క అదేనండీ, మారింది పక్కది." తలుపులమ్మ గారు మూడుసార్లు వంగి చూసి, "మరైతే నా కళ్లకేమొచ్చింది?" అని నా మీద పడింది, నేనేదో చేసినట్టు!

మా ఆవిడకో ఉప్పాడ చీర ఉండేదమ్మా. నారింజ రంగు, ఒళ్లంతా లేత నీలం పువ్వులు. వాన వెలిశాక కాలవ నీళ్లలో ఆకాశం కనబడుతుందే, ఆ నీలం. కట్టీ కట్టీ చిరిగిపోతే బొంతలో వేసి కుట్టేసింది. ఈమధ్య ఆ నీలం ఒక్కసారి చూడాలనిపించింది. పిచ్చే అనుకో. ఉప్పాడలో గణేష్‌బాబు అని నేతగాడున్నాడు, అలాంటిది నేయమన్నాను. నీలాలన్నీ చూపించాడు, ఒక్కటీ అది కాదు. ఇంటికొచ్చి బొంత తీస్తే ఏముంది, పువ్వులు బూడిద రంగు! వెలిసిపోయాయనుకున్నాను. నా కళ్లే పోయాయేమోనని డాక్టరుకీ చూపించుకున్నాను, శుక్లాలేం లేవన్నాడు. కుట్టు విప్పాను. లోపలి మడతలో నారింజ ఇంకా కొత్తగా ఉంది, అక్కడ పువ్వు నీలంగానే ఉంది. ఆ పువ్వు మీద ఈ అట్ట పెట్టాను. చిల్లులోంచి బూడిదే. వెలిసింది పువ్వులు కాదమ్మా, చుట్టూ ఉన్న నారింజ. పక్కన ఆ రంగుంటే బూడిదకి నీలం మన బుర్రే పూసుకుంటుందట, మళ్లీ వెళ్లి అడిగితే డాక్టరే చెప్పాడు. "ఈ నీలం నీకెంత బావుందే" అని ఎన్నిసార్లన్నానో! "మీకు నీలంగా ఉందా? అయితే నీలమే" అనేది. ఊరందరి బట్టల మీదా అట్ట పెట్టిన మనిషి, ఆ చీర మీద మాత్రం నా ముందు ఒక్కనాడూ పెట్టలేదు.

అప్పుడు పట్టుకుంది భయం. అసలు సంగతి తెలిసిపోయింది కదా, ఇక నేయించినా నాకు బూడిదే కనబడితే? బూడిద దారంతో పువ్వులు వెయ్యమంటే గణేష్‌బాబుదీ అదే పాట. "బూడిద దారమాండీ? దిగులుగా ఉంటదండీ, మైలుతుత్తం నీలం వేద్దామండీ." వద్దు, చెప్పింది వెయ్యవయ్యా అన్నాను. మొన్న మగ్గం దగ్గరికి వెళ్లాను. అతని చేతిలో దారం బూడిద రంగే, దగ్గరగా చూశాను. నారింజ మధ్యలో పువ్వు పడింది. నీలం. అంతా తెలిసి కూడా, నీలమేనమ్మా. "ఇలాగేనాండీ? చాలాండీ?" అన్నాడు. ఇంకోటి వెయ్యవయ్యా అన్నాను. అదీ వేశాడు. ఇంకోటి...

ఆ కిటికీ కాస్త తియ్యమ్మా. ఉక్కపోస్తోంది.