సుందరమ్మ ఏట్లో దిగిన ఆదివారం

"అమ్మమ్మా, గీజరు నీళ్ళే కదా, రోజూ మోచెయ్యి పెట్టి చూస్తావెందుకు?" అని అడిగినావు కదా పొద్దున. అప్పుడేమో బడి బస్సు వచ్చేసింది, చెప్పలేకపోయినాను. ఇప్పుడు కూర్చోండి ఇద్దరూ. ఫోనులో పెట్టుకుంటావా? పెట్టుకో. ఇట్టా దగ్గరగా మాట్లాడాలా? సరే.

మీరు ఈ భిలాయిలో పుట్టిన పిల్లలు. ఈ కథ మీరు విననేలేదు. మీ అమ్మకు కూడా నేను సగం సగమే చెప్పినాను. మీ తాత ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికిందని నన్ను తీసుకొచ్చినాక, అయినవాళ్ళంటూ ఒక్కరు లేని ఊళ్ళో బిడ్డల్ని పెంచడమంటే, నాకు అన్నిటికీ భయమే. తుమ్మితే భయం, దగ్గితే భయం. ఇప్పుడు మీకు తుమ్మొచ్చినా నాకు నిద్ర పట్టదు, తెలుసు కదా. అందుకే నీళ్ళు చూసి పోస్తాను. అయితే నీళ్ళు చూడటం నేర్పిన మనిషి మాత్రం నా మాదిరి భయపడే రకం కాదు. మీ అమ్మకు నాయనమ్మ. నాకు అత్త. సుందరమ్మ.

మీ తాత వాళ్ళ ఊరు కోటకు తూర్పున. కోట దాకా బస్సు, ఆడినుంచి నడక. నేను కావలి పిల్లను, ఆ ఊళ్ళో కాపురానికి పోయింది అరవైల మొదట్లో. ఊరికీ సముద్రానికీ మధ్యలో ఉప్పుటేరు ఉంది. అందరూ ఏరు అనే అంటారు. సముద్రం పోటు మీదుంటే ఉప్పునీళ్ళు లోపలికి ఎక్కుతాయి, పాటు మీదుంటే వెనక్కి దిగుతాయి. వానలప్పుడు పై ఊళ్ళ నీళ్ళన్నీ దాంట్లోకే వస్తాయి. ఎండాకాలం వచ్చిందంటే సముద్రం దగ్గర ఇసక మేట వేసి దారి మూసుకుపోతుంది. అప్పుడు మోకాలి లోతు కూడా ఉండదు, ఒకటే నాచు కంపు.

మా సంఘంలో బాప్తీస్మాలు ఆ ఏట్లోనే, పొద్దున్నే ఇచ్చేవాళ్ళు. మాది నెత్తిన నాలుగు చుక్కలు చల్లే సంఘం కాదు పాపా, మనిషి నిలువునా మునగాలి. నేను కావలిలో చర్చి లోపల సిమెంటు తొట్టిలో మునిగినదాన్ని. మా అత్త దానికి కూడా నవ్వేది. "తొట్టిలో మునగడానికి నువ్వేమన్నా బర్రెవా మే" అనేది.

ఆమె నోరు అట్టాంటిది. కానీ ఆమెకు బాప్తీస్మం లేదు. మీ తాత నెల్లూరులో హాస్టల్లో చదువుకుంటా తీసుకున్నాడు, దానికే మా మామ కొడుకుతో శానా కాలం మాట్లాడలేదంట. అత్త ఆదివారం చర్చికి పోతే మామ ఏమీ అనేవాడు కాదు. ఒక్క మాట మాత్రం చెప్పినాడంట, "నేను బతికున్నంత కాలం నువ్వు ఆ నీళ్ళలో దిగొద్దు" అని. ఆమె సరే అన్నది. సరే అంటే సరే. ఆయన పొయ్యేదాకా దిగలేదు.

దిగకపోతే ఏమవుతుందంటావేమో. నెలకొకసారి ప్రభువు బల్ల పెడతారు కదా, రొట్టె పళ్ళెం అందరి ముందుకూ వస్తుంది. బాప్తీస్మం లేనివాళ్ళు తీసుకోకూడదు. అత్త వెనక వరసలో చాప మీద కూర్చునేది. పళ్ళెం ఆమె దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకునేది. పళ్ళెం ఆమెను దాటి నా చేతికొచ్చేది. నేను తీసుకునేదాన్ని. ప్రతి నెలా. అది నాకు ఎట్టా ఉండేదో చెప్పలేను, పక్కన పెద్ద మనిషి పస్తుంటే మనం తిన్నట్టు.

మామ పోయినాక వచ్చిన వానాకాలంలో అత్తకు ఆయాసం ముదిరింది. ఎప్పుడూ ఉండేదే, ఆ ఏడు ఎక్కువైంది. కోటలో డాక్టరుకు చూపిస్తే, చన్నీళ్ళు తగలనీయకండి, రొమ్ము పట్టేస్తే నిలవదు అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి మీ తాత తాగేనీళ్ళు కూడా కాచి ఇచ్చేవాడు. ఆమె ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చెప్పిన మొదటి మాట ఏంటంటే, "అబ్బయా, పాస్టరు అయ్యగారికి చెప్పు. నేను ఏట్లో దిగుతాను."

మీ తాత, "ఎండాకాలం రానీమ్మా" అన్నాడు.

"ఎండాకాలం ఏట్లో నీళ్ళుంటాయా? ఉన్నా నేనుంటానా?"

"ఇంట్లోనే పెద్ద గంగాళంలో వేణ్ణీళ్ళు పోసి..."

"నేనేం బాలింతనా?" అన్నది.

అయితే ఆమె మొండితనానికి దిగేది కాదు, ఆలోచన ఉంది. నన్ను వెంటబెట్టుకుని ఏటి గట్టుకు పోయింది, అప్పుడు సంక్రాంతి... కాదు కాదు, కొత్త సంవత్సరం అయిన వారమే. పొద్దున్నే పొయ్యి నన్ను కాలు పెట్టమన్నది. పెట్టినాను. ఎముకలు కొరికినట్టుంది. మళ్ళీ ఒక ఎండ రోజు పొద్దు వాలినాక తీసుకుపోయింది. అదే తావు, అవే నీళ్ళు, గోరువెచ్చగా ఉన్నాయి! నేను బిత్తరపోయినాను. ఆమె చెప్పింది: "ఏకాదశి ముందూ వెనకా పోటు మెత్తగా ఉంటుంది మే. పొద్దునంతా ఇసక దిబ్బలు బయటపడి ఎండలో కాలతాయి. మధ్యాహ్నం తర్వాత ఆ కాలిన ఇసక మీదుగా పోటు మెల్లగా ఎక్కుతుంది. ఎండ ఉండాలి, గాలి ఉండకూడదు. అంతే."

సరే, మంచి మాటే కదా. ఆ ఆదివారం ఆరాధన అయినాక, పాస్టరు అయ్యగారూ సంఘపెద్దలూ కూర్చుని ఉండంగా పొయ్యి అడిగింది. "అయ్యా, ఏకాదశి దగ్గరి ఆదివారం చూసి, సందకాడ దించండి."

అంతే, అందరూ ఆమె మీద పడ్డట్టయింది. దావీదు అని సంఘపెద్ద ఉండేవాడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కూడా పెద్దది. ఆయన లేచి, "ఏంది వదినా, ఏకాదశా? తిథి చూసుకుని బాప్తీస్మం తీసుకుంటావా? ఇంతకాలం చర్చికి వచ్చి నేర్చుకున్నది ఇదేనా? అయ్యగారూ, ఇంక రాహుకాలం కూడా చూద్దామా?" అన్నాడు. అందరూ నవ్వినారు.

"తిథి కాదు దావీదూ, పోటు" అన్నది అత్త.

"ఏదైనా ఒకటే. మనసు ఇంకా మారలేదు. ఇంకో ఏడాది పాఠాలు విననీండి" అన్నాడు ఆయన.

ఏడాది! గాలి పీల్చేదానికే కష్టపడే మనిషికి ఏడాదంట. అత్త, "అట్టయితే తిథీ వద్దు, పోటూ వద్దు. వచ్చే ఆదివారం పొద్దున్నే దిగుతాను" అన్నది. మీ తాత, "నేను ఒప్పుకోను" అన్నాడు. ఒక పక్క సంఘం, ఒక పక్క కొడుకు. మధ్యలో ఆమె నిలబడి ఎగ పీలుస్తా ఉంది.

నేను కొత్త కోడల్ని. మగవాళ్ళు కూర్చున్న తావులో నోరెత్తేదే లేదు ఆ రోజుల్లో. ఎట్టా వచ్చిందో ధైర్యం, ముసుగు సర్దుకుని అన్నాను: "అయ్యగారూ, మీరు ఒక్కసారి ఏటికి రండి. పొద్దున ఒకసారి, సందకాడ ఒకసారి కాలు పెట్టి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం." మీ తాత నా వంక అట్నే చూసినాడు, ఈ మనిషినేనా నేను పెండ్లి చేసుకున్నది అన్నట్టు.

అయ్యగారు మంచాయన, వచ్చినాడు. పొద్దున కాలు పెట్టి "అమ్మో" అని వెనక్కి లాక్కున్నాడు. సందకాడ వచ్చి పంచె మోకాళ్ళ దాకా ఎత్తుకుని దిగినాడా, ఇంక గట్టెక్కడే! నీళ్ళలోనే నిలబడి పంటల గురించీ, మా కావలి సంఘం గురించీ కబుర్లు చెప్తా ఉన్నాడు. దావీదు గట్టు మీదనే ఉన్నాడు, దిగలేదు. "కాళ్ళు వెచ్చగా ఉంటే ఆత్మకు ఏమొరిగింది?" అన్నాడు. అయ్యగారు, "దావీదన్నా, అందర్నీ ముంచేది నేను. నాకూ చలేస్తుంది" అన్నాడు. అట్టా ఖాయమైంది. ఏకాదశి దగ్గరి ఆదివారం, మధ్యాహ్నం తర్వాత.

అత్తకు మల్లు చీర కొన్నాము, తెల్లది. కోటలో కొట్టతను ఎక్కువ చెప్తే ఆమె మెట్టు దిగి వచ్చేసింది, వెనక్కి పిలిచి ఇచ్చినాడు. ఇప్పుడు చెప్తే నవ్వుతారు, ఆ డబ్బులకు ఇప్పుడు మీకు చాక్లెట్టు కూడా రాదు. ఆ... యాడున్నాను?

ఆ ఆదివారం. అంతకుముందు వారమంతా ఎండ, తేట నీలం ఆకాశం. ఆ రోజు తెల్లారి లేచి చూస్తే మబ్బు. బూడిద పూసినట్టు ఆకాశమంతా మబ్బు, ఈశాన్యం గాలి. జనవరిలో ఆ వాన ఏందో! పై ఊళ్ళలో పడినట్టుంది, ఏరు ఎర్రగా తిరిగింది. మధ్యాహ్నమైనా ఎండ పొడ లేదు. అయినా జనం వచ్చినారు, గట్టంతా నిండిపోయింది, మామ తరపు వాళ్ళు కూడా చూద్దామని వచ్చి దూరంగా నిలబడినారు. నేను పొయ్యి కాలు పెట్టినాను. ఇసక చల్లన, నీళ్ళు చల్లన, గాలి ఇంకా చల్లన. వెనక్కి తిరిగి మీ తాతను చూసి తల అడ్డంగా ఊపినాను.

ఆయన వచ్చి అత్త చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, ఇంటికి పోదాం పద. వచ్చే పక్షం చూసుకుందాం."

అయ్యగారు కూడా, "ఆగుదామమ్మా, తప్పేం లేదు" అన్నాడు.

అత్త ఏటి వంక చూసింది. తర్వాత కొడుకు వంక చూసింది. "మీ నాయనకిచ్చిన మాట ఆయన పొయ్యేదాకా నిలబెట్టినాను. నా మాట నేను నిలబెట్టుకోవద్దా?" అన్నది. అయ్యగారితో, "వెచ్చగా ఉంటే మంచిదేలే అనుకున్నానయ్యా. లేవు. ఎండ కోసం వచ్చినానా నేను?" అన్నది. చెప్పులు విడిచి, "పట్టుకో మే" అని నాకు చెయ్యి ఇచ్చింది. మీ తాత ఒడ్డునే కూర్చుండిపోయినాడు.

దిగినాము. మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఆమె పళ్ళు టకటకమంటున్నాయి. గాలి సూదులు గుచ్చినట్టుంది. వెనక నీళ్ళ చప్పుడైతే తిరిగి చూసినాను. దావీదు. కోటు విప్పి గట్టు మీద పడేసి, నీళ్ళు చీల్చుకుంటా వచ్చి, గాలి వచ్చే పక్కన గోడ మాదిరి నిలబడినాడు. అత్త ఆ చలిలో కూడా ఊరుకుందా? "ఏం దావీదూ, ఈ రోజు ఏ తిథో చూసుకొచ్చినావా?" అన్నది. ఆ మనిషి నవ్వలేక నవ్వినాడు, గడ్డం వణకతా ఉంది.

నడుము లోతుకు పోయినాము. అప్పుడు, ఇది జాగ్రత్తగా వినండి, అప్పుడు నా పాదాలకు వెచ్చగా తగిలింది. నడుము దగ్గర చల్లనే, పాదాల దగ్గర వెచ్చన. అత్త కూడా ఆగింది. నా వంక చూసి, "అడుగున వెచ్చగా ఉంది మే" అన్నది, చిన్నపిల్ల మాదిరి. వాన నీళ్ళు తేలికంట, పైన పారతాయి. సముద్రం ఉప్పునీళ్ళు బరువు, అడుగున ఉండి వెచ్చగానే ఉంటాయి. అది నాకు తర్వాత తెలిసింది. ఆమెకు ముందే తెలుసునేమో అని ఒకసారి అడిగినాను కూడా. "వానకాలం ఏట్లో అంత లోతుకు ఎప్పుడు దిగినాను మే?" అన్నది.

అయ్యగారు ముంచినాడు. లేచింది. ఒక్క క్షణం ఊపిరి రాలేదు. తర్వాత పెద్దగా దగ్గి, గాలి పీల్చుకుంది. దావీదు తన కోటే తెచ్చి ఆమెకు కప్పినాడు. ఇంటికి తీసుకుపొయ్యి కుంపటి పెట్టినాము, శొంఠి కాచి ఇచ్చినాము. వారం రోజులు జ్వరం, దగ్గు. మీ తాత మంచం పక్కనుంచి కదల్లేదు. తేరుకుంది.

తర్వాతి నెల ప్రభువు బల్ల. పళ్ళెం తెచ్చింది దావీదే. ఆమె ముందు వంగినాడు. ఆమె రొట్టె తీసుకుంది. చిన్న ముక్క, గోరంత. నేను మింగి, పాట కూడా అయిపోయినాక చూస్తే, ఆమె ఇంకా నములుతానే ఉంది. "ఏందత్తా, ఇంతసేపు?" అన్నాను మెల్లగా. "తొందరేముంది మే" అన్నది.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు ఉన్నింది. ఆయాసం ఏమీ తగ్గలేదు, అది కూడా చెప్పాలి కదా. అయితే ఆమె పొయ్యినాక ఊళ్ళో ఆ కథ పెరిగింది. సుందరమ్మ కాలు పెట్టంగానే ఏరంతా వేణ్ణీళ్ళయినాయంట, ఆవిరి లేచిందంట. నేను ఒకసారి పండక్కి పోతే, నా ముందే చెప్తున్నారు నాకు!

కాదు బిడ్డా. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను కదా. మీరు రేపు మీ పిల్లలకు ఇది చెప్పండి, మర్చిపోకుండా చెప్పండి. కానీ కలిపి చెప్పొద్దు. అడుగున వెచ్చన ఉన్న మాట కూడా చెప్పండి, అది నిజమే. ముందు మాత్రం, ఆమె కాలు పెట్టేటప్పుడు నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పండి. చల్లగా ఉన్నాయని తెలిసే దిగింది అని చెప్పండి.