జరం తెచ్చినోడు

2007, ఆషాఢం ముసురు. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఒక తండా. రవికుమార్, తాను యాడీ అని పిలిచే తల్లి మోతీ ఇంటి గడప బయట, చూరు నీళ్ళకు తడుస్తూ నిలబడ్డాడు. తండ్రి పోయిన ఈ పదకొండు నెలల్లో ఆ గడప లోపల అతను ఒక్కసారీ కాలు పెట్టలేదు.

“ముందు లోపలికి రా. తర్వాత మాట్లాడుదువు.”

“రాను యాడీ. సూది ఏయించుకుంట అను, ఈన్నుంచే విని పోత.”

“సూది గీది నాకొద్దు. తడుస్తున్నవ్ రా.”

“తడవనీ.”

“మూతికి ఆ దస్తీ ఏంది, దొంగోని లెక్క? తియ్యి.”

“తియ్యను. బస్సుల వచ్చిన. బస్సు నిండ దగ్గుతున్నరు జనం.”

“రొట్టె తింటవా? పొయ్యి మీదున్నది, వేడిగ.”

“మాట మార్చకు. సూదులేసే సరళ సిస్టర్‌కు చెప్పొచ్చిన. హీరాలాల్ చిన్నాయన ఇంట్ల పిల్లగానికి జరమొచ్చిందంట, వాన్ని చూసి ఇటే వస్తది. ఆమె వచ్చేలోపు ఊఁ అను.”

“హీరాలాల్ ఇంట్ల జరమా?”

“చూసినవా? ఉలిక్కిపడ్డవ్. నాలుగిండ్ల అవతల ఉన్నది జరం. ఇగ నీ ఇంటికి రానీకి ఎంతసేపు?”

“ముసురు పడితె జరాలు రావా? ప్రతేడూ వస్తయి, పోతయి.”

“పోయినేడు వచ్చింది ఉత్తగ పోయిందా? బాపును తీస్కపోయింది.”

“ఆయన మాట తియ్యకు.”

“తియ్యకుంటె ఎట్ల? ఖమ్మంల ఛాతీ డాక్టర్ నీ ముందరనే గద అన్నది? గొట్టంల ఊదమంటె ఊదలేకపోయినవ్. పొగాకు బ్యారన్లల్ల ఇరవై ఏండ్లు పొగ మింగి ఊపిరితిత్తులు సగం ఖరాబయినయి, ఇంకొక్క ఫ్లూ జరం పడితె ఈ మనిషి తట్టుకోదు, వానలు ముదరకముందే టీకా ఏయించు అని రాసిచ్చిండు. ఆ చిట్టీ ఇగో, జేబుల్నే ఉన్నది.”

“డాక్టర్లు గట్లనే అంటరు. వాళ్ళ పని అది.”

“మరి పండుకుంటె ఆయాసం, కూసుంటె దగ్గు ఎవరికి? పక్కింటోళ్ళు చెప్పిన్రు నాకు. గోడకానుకోని కునుకు తీస్తున్నవంట.”

“పక్కింటోళ్ళకు వేరే పని లేదు.”

“ఎందుకొద్దంటున్నవో ఒక్కటన్న చెప్పు. సూదంటె భయమా?”

“అవ్, భయమే.”

“అబద్ధం. తేలు కుట్టిన్నాడు బ్లేడు తీస్కోని నీ కాలు నువ్వే కోసుకున్నవ్. అప్పుడు రాని భయం ఇప్పుడొచ్చిందా?”

“ఆ సూది ఏయించుకుంటె జరమే వస్తదంట.”

“ఎవరన్నరు?”

“ఎవరో అన్నరు.”

“చెయ్యి నొస్తది. ఒక దినం ఒళ్ళు వెచ్చగయితది. గంతే. అన్నీ అడిగే వచ్చిన.”

“నాకేం తక్కువైంది రా? బతికినన్ని దినాలు బతికిన.”

“యాభై అయిదేండ్లకే?”

“చాలు నాకు.”

“నాకు చాలదు యాడీ.”

“నీ చంటోడు నడుస్తున్నడా?”

“గోడ పట్టుకోని నడుస్తున్నడు. నువ్వు మళ్ళ మాట మార్చినవ్.”

“నేను వాన్ని ఎత్తుకోనే లేదు.”

“నేనే తీస్కరాలె. నా చేతులకెల్లి వానికి, వానికెల్లి నీకు ఏమొస్తదో అని తేలె. సూది ఏయించుకో, పదిహేను దినాలు దాటినంక తెస్త. నీ ఒళ్ళె కూసోబెడ్త. వాడు నీ గాజులు గుంజుతడు, అద్దాల రవికె గుంజుతడు. ఇంకేం గావాలె నీకు?”

“గట్ల ఆశ పెట్టకు రవీ.”

“ఆశ కాదు. బతిమిలాడుతున్న.”

“నా ఇంట్లకు నువ్వు రావు. నా చేతి నీళ్ళు తాగవు. వచ్చిన ప్రతిసారి గడప మీద మందులు పెట్టి, దూరంగ నిలబడి, పరాయోని లెక్క పోతవ్. ఎవరు చెప్పిన్రు రా నీకు గిట్ల బతకమని?”

“ఎవరు చెప్పిన్రా? దినాలనాడు తండా అంత కూసున్నంక హీరాలాల్ చిన్నాయన ఏమన్నడు? టౌన్ జరం మోసుకొచ్చి తండ్రిని మింగినవ్ అన్నడు. నువ్వు అక్కడ్నే కూసున్నవ్.”

“ఆయన తాగి ఉండె.”

“తాగినా నిజమే అన్నడు. పాల్వంచ కిరాయి రూంల పనోళ్ళం నలుగురం జరంతోటి పడ్డం. మిగిలిన ముగ్గురు అక్కడ్నే పండుకున్నరు. నేనే, యాడీ గంజి కాసి పోస్తదని బస్సెక్కిన. బేస్తారంనాడు వచ్చిన. మళ్ళ బేస్తారానికి బాపు లేడు. నిమ్ము చేసిందన్నరు. గంజి కోసం వచ్చి బాపును తిన్న.”

“ఇగ చాలు.”

“చాలదు. హీరాలాల్ చిన్నాయన ఆ మాట అన్నప్పుడు నీ దిక్కు చూసిన. వాడేం చేసిండు, వానికేం తెలుసు అని ఒక్క మాట అంటవేమోనని చూసిన. తల వంచుకున్నవ్. నిన్ను తప్పు పట్టలె యాడీ. ఎట్ల కాదంటవ్? ఉన్నదే గద. గాని నువ్వు గూడ పోతె రెండు చావులు మోసుకోని నేనెట్ల బతకాలె? చెప్పు. కాళ్ళు మొక్కుత. ఈన్నుంచే మొక్కుత, ఇగో—”

“ఏయ్! బురదల పడకు! లే! లే రా!”

“ఊఁ అను.”

“అందరు చూస్తున్నరు రా, లే.”

“చూడనీ. ఊఁ అను యాడీ.”

“ఏయించుకుంట! ఏయించుకుంట గానీ లే బిడ్డా. ఏడ్వకు. ఏడిస్తె నేను చూడలేను.”

“ఒట్టు?”

“మన దేవుడు సేవాభాయా తోడు. లే.”

“ఏంది రవన్నా, బురదల కూసున్నవ్? పెద్దమ్మా, ఏమైంది?”

“సరళ సిస్టర్! వచ్చిన్రా? యాడీ ఒప్పుకున్నది. జల్దీ ఏయండి, మళ్ళ మనసు మారుతది.”

“ఆగన్నా, చేతులు కడుక్కోనీ. పెద్దమ్మా, పీట మీద కూసో. చెయ్యి ఇటియ్యి. ఒళ్ళు వెచ్చగ లేదు, మంచిది. కోడిగుడ్డు తింటె దద్దుర్లు గిట్ల వస్తయా?”

“ఏం రావు బిడ్డా. జల్దీ కానియ్యి, వాడు తడుస్తున్నడు.”

“సిస్టర్, చిన్నాయన ఇంట్ల పిల్లగానికి ఎట్లుంది?”

“నూట మూడు ఉన్నది. ఇంకో మూడు ఇండ్లల్ల గూడ పడ్డరు. ఈ టీకా ఒంటికి పట్టనీకె రెండు వారాలు కావాలె అన్నా, నువ్వు ఇయ్యాల తెచ్చుడు మంచిదయింది. డాక్టర్ చిట్టీ చూపియ్యి. ఊఁ. మందేది?”

“ఇగో, డబ్బా గడప మీద పెడుతున్న. నేను జరుగుత, మీరే తీస్కోండి.”

“మా సెంటర్‌కు ఇది రాదు. పిల్లల టీకాలే వస్తయి మాకు. ఏడ దొరికింది?”

“ఖమ్మంల మెడికల్ షాపాయన హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిండు. ఒక్కటే వచ్చింది. ఇంకోటి గావాలంటె నెల పడ్తదన్నడు. సిరంజిల్నే మందు నింపి ఉంటదంట, ఉత్తగ పొడుసుడే.”

“ఎప్పుడు తెచ్చినవ్?”

“నిన్న పొద్దుగూకంగ. వేడి తగిల్తె మందు చచ్చిపోతదని షాపాయన పదిసార్లు చెప్పిండు. నేను మర్చిపోతనా? థర్మకోల్ డబ్బా నిండ ఐసు పోయించుకున్న. పాల్వంచల దిగేసరికి ఇటు దిక్కు బస్సు ఎల్లిపోయింది. ఐసు చూస్తె నీళ్ళయితున్నది. నా పానం సగం పోయింది సిస్టర్.”

“మరి ఏం చేసినవ్?”

“బస్టాండ్ కాడ కూల్‌డ్రింకుల షాపాయనను బతిమిలాడిన. మంచోడు. ఐస్‌క్రీములు పెట్టే పెద్ద ఫ్రీజర్ ఉన్నది ఆయనకు. మా యాడీ మందు అంటె, అడుగున జాగ చేసి పెట్టిండు. కరెంటు పోతదేమోనని నేను షాపు అరుగు మీదనే పండుకున్న. పోలె సిస్టర్. ఒక్క నిమిషం గూడ పోలె.”

“అన్నా... పొద్దున తీసినప్పుడు మందు ఎట్లుండె?”

“మస్తు చల్లగ. రాయి లెక్క ఉండె. సిరంజిల తెల్లగ గట్టిపడ్డది. గట్లుంటె సూదిలకెల్లి దిగదు గద అని అరచేతుల మధ్యన పెట్టుకోని బస్సుల కరిగిచ్చిన. కరిగినంక మళ్ళ ఐసుల పెట్టిన. చూడండి, ఇప్పుడు మంచిగ నీళ్ళ లెక్క ఉన్నది.”

“చూస్తున్న.”

“చూస్తున్నరు గానీ ఏస్త లేరేంది?”

“ఈ అట్టపెట్టె మీద రాసింది చదివినవా?”

“ఇంగ్లీషుల ఉన్నది. నాకేడ వస్తది?”

“గడ్డ కట్టనియ్యొద్దు అని ఉన్నది.”

“వేడి తగలనియ్యొద్దు అని గద?”

“అదీ ఉన్నది, ఇదీ ఉన్నది. చల్లగ ఉండాలె గాని గడ్డ కట్టొద్దు. కడితె ఖరాబయితది అన్నా. కరిగిచ్చినా మళ్ళ మందు కాదు.”

“కొంచెమన్న పనిచేస్తది గద? సగమన్న?”

“చెప్పలేం. ఇది ఏయొద్దు. పారబొయ్యాలె.”

“పారబోసుడేంది? ఏయండి సిస్టర్! ఎంత కష్టపడి ఒప్పిచ్చిన్నో మీకు తెల్వదు. చూడండి, చెయ్యి చాపుకోని కూసున్నది. ఎన్నడన్న గట్ల చాపిందా? ఏయండి!”

“రవన్నా, విను. ఇది పొడిస్తె యాడీకి సూది పడ్డదని నువ్వు నిమ్మళంగ ఉంటవ్. ఆమె గూడ నిమ్మళంగ ఉంటది. రేపు జరమొస్తె? ఉత్త నీళ్ళు పొడిచి నీకు ధైర్యమెట్ల చెప్పాలె నేను?”

“నెల పడ్తదన్నడు సిస్టర్. నాలుగిండ్ల అవతల్నే జరమున్నది.”

“భద్రాచలంల అడుగుత, దొరుకుతదేమో. అందాక పెద్దమ్మను ఎవరి ఇంటికీ పోనియ్యకు. కొంచెం ఒళ్ళు కాలినా వెంటనే దవాఖానాకు తీస్కరా. భయపడకు.”

“భయం కాదు. నేనేం తెచ్చినా గంతే సిస్టర్. ఆనాడు జరం తెచ్చిన, బాపు పోయిండు. ఇయ్యాల మందు తెచ్చిన, దాన్ని నా చేతుల్తోనే సంపిన. అరుగు మీద కాపలుండి మరీ సంపిన. నా చెయ్యే గసొంటిది.”

“గట్లనకు అన్నా. తెల్వక చేసినవ్.”

“ఆనాడు గూడ తెల్వకనే చేసిన. యాడీ, నేనిగ ఇటు దిక్కు రాను. గడప కాడికి గూడ రాను. మందులు ఎవరితోనన్న పంపుత. నా నీడ నీ మీద పడకపోతె నాలుగు దినాలు ఎక్కువ బతుకుతవేమో. పోతున్న.”

“రవీ. ఆగు.”

“పోనియ్యి యాడీ.”

“ఆగమంటున్న గద! సరళమ్మా, నువ్వు గూడ పోకు బిడ్డా. నువ్వు ఉండు. నువ్వు లేకపోతె నేను మళ్ళ మాట మారుస్త.”

“ఉంట పెద్దమ్మా. చెప్పు.”

“రవీ, ఆ బేస్తారంనాడు నువ్వొచ్చేసరికి మీ బాపు ఏడున్నడు?”

“మంచంల. చేను పనికి అలిసి పండుకున్నడని నువ్వే అన్నవ్.”

“ఏం కప్పుకోని ఉండె?”

“దుప్పటి.”

“అంత ఉడకపోతల దుప్పటి ఎవరు కప్పుకుంటరు రా?”

“...యాడీ?”

“తల్లాడ దిక్కు మా చెల్లె తండాల తీజ్ పండుగ. అక్కడ ఇంటింటికి జరాలున్నయి, పోకు అన్నడు మీ బాపు. విన్లె. ఆడపిల్లలతోటి ఆడి పాడి, అందరితోటి ఒకే చెంబుల నీళ్ళు తాగి, ఐతారం ఇంటికొచ్చిన. సోమారానికి నాకు ఒళ్ళు కాలింది. చెప్తె తిడ్తడని గోలీలు మింగిన, మొఖం కడుక్కోని రొట్టెలు చేసి పెట్టిన, ఆయన పక్కన్నే కూసోని తినిపిచ్చిన. మంగళారం రాత్రికి ఆయన వణికిండు. నువ్వు ఇంక బస్సే ఎక్కలె రవీ.”

“మరి దినాలనాడు... హీరాలాల్ చిన్నాయన అన్నప్పుడు...”

“నోరు రాలె. నీ మీద పడ్డది, నా మీద పడలె అనుకున్న. వయసు పిల్లగాడు, మోస్తడు లే అనుకున్న. నువ్వు గడప బయట నిలబడ్డ ప్రతిసారి చెప్పాలనుకున్న, చెప్పలె. ఆయన్ను సంపి, నిన్ను సంపి, నేను సూది ఏయించుకోని బతకాలెనా అని వద్దన్న. గంతే, ఇంకేం భయం లేదు నాకు. ఇగ నువ్వు చెప్పు. నెల కాకుంటె రెండు నెలలు. ఖమ్మం పోయి నా కోసం మళ్ళ తెస్తవా?”